వెనక సీటులో డోనట్ల వాసన

మచాయస్, మెయిన్
సెప్టెంబరు 10, 2006

అన్నయ్యా,

చేరాం. ఏడు గంటల దారికి తొమ్మిది గంటలు పట్టింది. ఆగిన ప్రతిచోటా ఎవరో ఒకరు కారు వెనక నిలబడి ముక్కు ఎగబీల్చి, "ఏం వేయిస్తున్నారండీ లోపల?" అనడం, నేను దిగి, వాడేసిన వంటనూనెతో నడిచేలా డీజిలు కారుని మార్చిన నీ గొప్పలు చెప్పడం. ఒక పెద్దాయనైతే పొగగొట్టం ముందు వంగి వాసన చూసి, "మా డాక్టరు నన్ను డోనట్లు మానెయ్యమన్నాడు, ఇది లెక్కలోకి రాదుగా?" అన్నాడు.

టెస్సా దారంతా ఆ వెనక్కి తిరిగి ఉండే బుల్లి సీటులోనే. ఎనిమిదేళ్లొచ్చాయి, మధ్య సీటులోకి రమ్మంటే రాదు. వెనక అద్దం మీద హా అని ఒక్క ఊపిరి వదిలి, పళ్లెమంత మసక చేసి, దాని మీద తిరగేసి అక్షరాలు రాస్తుంది. వెనక వచ్చే లారీవాళ్లు చదివి హారన్ కొట్టాలట. పదకొండు లారీలు కొట్టాయి. నీకు తప్పకుండా రాయమంది.

ఇక్కడ డోనట్ల దుకాణం మార్జ్ వాడేసిన నూనె డబ్బాలన్నీ మనకే ఇస్తానంది. సముద్రపు గుల్లలు వేయించి అమ్మే పాకవాళ్లు కూడా ఇస్తామన్నారు గానీ, ఆ నూనె పోస్తే రేవులో పిల్లులన్నీ మా వెంటే వస్తాయని మా ఆయన డ్వేన్ ఒప్పుకోలేదు. నీ గురించి ఏమన్నాడో తెలుసా? "మీ అన్నయ్య వారం రోజులు ఆ కారు కింద పడుకుని మొత్తం ఆరు మాటలు మాట్లాడాడు. అందులో నాలుగు కారుతోనే." పడవలు బాగుచేసేవాడికి మాటలు ఎక్కువ, కార్లు బాగుచేసేవాడికి తక్కువ. మధ్యలో నేను.

వీధి మలుపు తిరగ్గానే స్విచ్ డీజిలు నుంచి నూనెకి మార్చేస్తున్నా. వచ్చే ఆగస్టు నూనె కార్ల మేళాలో మనవాళ్లందరి ముందు నిలబడి "ఏడాదంతా బంకు మొహం చూడలేదు" అని చెప్పాలిగా మరి!

ఫోను పెట్టించుకోవు కాబట్టి ఉత్తరమే దిక్కు. రెండు ముక్కలైనా రాయి.

కోరిన్


ఐలండ్ పాండ్, వెర్మాంట్
సెప్టెంబరు 21

కోరిన్,

ఉత్తరం చేరింది. పదకొండు లారీలు అని, రోజూ రాసుకునే నా పుస్తకంలో ఆ రోజు పంక్తిలో రాసుకున్నాను.

కారు గురించి. చల్లటి ఇంజను డీజిలు మీదే నడవాలి. వేడి సూది ఎనభై దాటాక స్విచ్ నూనెకి మార్చు. ఆపబోయే రెండు మైళ్ల ముందు మళ్లీ డీజిలుకి మార్చు. లేకపోతే చలికి గొట్టాల్లో నూనె గడ్డకడుతుంది. నూనెని రెండుసార్లు వడగట్టు. డబ్బా అడుగున ఉన్న నీళ్లు పొయ్యకు.

థాంక్స్‌గివింగ్‌ పండక్కి నవంబరులో వస్తారు కదా. కారు వెనక భాగంలో చిన్న పని ఒకటి మిగిలింది. అప్పుడు చేస్తాను. తొందరేం లేదు.

ఇక్కడ మొన్న తెల్లారి గడ్డి మీద మంచు పేరింది.

మెర్విన్


మచాయస్
నవంబరు 14

అన్నయ్యా,

ఈసారి థాంక్స్‌గివింగ్‌కి రాలేం. టెస్సాకి దగ్గు పట్టుకుంది. అక్టోబరులో జలుబనుకున్నాం. పోలేదు. ఇప్పుడు మెట్లు ఎక్కితే ఈల వేసినట్టు చప్పుడొస్తోంది లోపల్నించి. ఉబ్బసం అన్నాడు డాక్టరు. ఇంట్లో ఏదో పడట్లేదు, ఒక్కొక్కటీ తీసేసి చూడమన్నాడు.

ముందు రస్టీని తీసేశాం. ఏడేళ్లు పెంచిన కుక్క. డ్వేన్ వాళ్ల తమ్ముడి ఇంటికి పంపాను. టెస్సా బండి కనుమరుగయ్యేదాకా నిలబడి చూసి, "అది నేనేం చేశానని వెళ్లిపోతోంది?" అంది. టెస్సా మాట అలాగే రాశాను. అది కుక్క గురించి అడిగిందో తన గురించి అడిగిందో నాకిప్పటికీ తెలియదు.

కారు మాత్రం బంగారం. స్కూలు రెండు మైళ్లే కదా, సూది ఎనభై దాటేలోపే చేరిపోతాం. నేను ఆగను, స్టార్ట్ చేసి మలుపు దగ్గర నూనెకి తిప్పేస్తా. పొద్దున అద్దాల మీద మంచు గీకేదాకా ఇంజను ఆన్ చేసి, టెస్సాని లోపల వెచ్చగా కూర్చోబెడతాను. తన సీటులో కూర్చుని, "అమ్మా, ఇవాళ దాల్చినచెక్క డోనట్లు" అంటుంది. మార్జ్ ఏం వేయించిందో వాసన బట్టి చెప్పేస్తుంది.

కోరిన్


ఐలండ్ పాండ్
నవంబరు 21

కోరిన్,

ఉత్తరం నిన్న అందింది.

ఇవి రాయి. టెస్సా ఆదివారాలు ఎలా ఉంటోంది? స్కూలు లేని రోజుల్లో దగ్గు తగ్గుతోందా? కారు నడుస్తుంటే వాసన లోపలికి వస్తోందా, బయట నిలబడితేనే వస్తోందా?

టెస్సాని మధ్య సీటులో కూర్చోబెట్టు. కిటికీ కొంచెం దించి ఉంచు.

రస్టీ సంగతి విని బాధ వేసింది.

మెర్విన్


మచాయస్
డిసెంబరు 12

అన్నయ్యా,

పోలీసువాడిలా ఏంటా ప్రశ్నలు? జవాబులు ఇవిగో. ఆదివారం బాగానే ఉంటుంది. సోమవారం మళ్లీ మొదలు. "స్కూలంటే ఇష్టం లేదేమో" అని వాళ్ల టీచరు, "పాత భవనం, దుమ్మేమో" అని డాక్టరు. వాసన లోపలికి వస్తుంది, రాకపోతే అది డోనట్ల రకం ఎలా చెబుతుంది? మధ్య సీటులో కూర్చోమంటే ఏడ్చింది. ఏడిస్తే దగ్గు ఎక్కువవుతుంది. వదిలేశాను. మైనస్ పదిలో కిటికీ దించమంటావు, నీకు పిల్లలుంటే తెలిసేది.

కట్టెల పొయ్యి పీకించేశాం. గోడల్లో విద్యుత్ హీటర్లు పెట్టించాం. తర్వాత డ్వేన్ వంతొచ్చింది. రోజంతా పడవల ఫైబర్ అరగదీస్తాడు, ఆ పొడి బట్టల్లోంచి పోదు. వారమై రేవు దగ్గర తన షెడ్డులోనే పడుకుంటున్నాడు. "కుక్క అయింది, పొయ్యి అయింది, ఇక నేను. నా తర్వాత ఎవర్ని బయట పెడతావు కోరిన్?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నేను నవ్వలేదు.

ఒక్కటీ పనిచెయ్యలేదు అన్నయ్యా. పిల్ల బరువు ఆరు పౌండ్లు తగ్గింది.

నువ్వు ఊరికే ప్రశ్నలు వెయ్యవు. ఎందుకు అడిగావు?

కోరిన్


ఐలండ్ పాండ్
జనవరి 3, 2007

కోరిన్,

అక్టోబరు 14న లోరెల్ అని ఒక కాలేజీ అమ్మాయి నా షెడ్డుకి వచ్చింది. పొగ కొలిచే పెట్టె తెచ్చింది. నేను మార్చిన కార్లు తొమ్మిదింటి వెనక గొట్టం పెట్టి కొలిచింది.

ఇంజను బాగా వేడెక్కి పెద్ద రోడ్డు మీద పరుగెత్తేటప్పుడు నూనె పొగలో మసి డీజిలు కంటే తక్కువే. నైట్రోజన్ వాయువులు మాత్రం తగ్గవు, ఒక్కోసారి కాస్త ఎక్కువే. చల్లటి ఇంజను మీద నూనెకి తిప్పితే మాత్రం చిక్కటి నూనె సరిగా కాలదు. మసి రెట్టింపు. మూకుట్లో నూనె మాడితే లేచే ఘాటు ఉంటుందే, కళ్లు మండేది, అది కూడా పొగలో ఉంది. పైన మంచి వాసన, కింద అది. ముక్కుకి తెలియదు.

ఆ అమ్మాయి చెప్పింది విని మనవాళ్లు నవ్వారు. నేను నవ్వలేదు, కానీ ఏమీ అనలేదు.

నువ్వు సూది చూడకుండా తిప్పుతున్నావు. సెప్టెంబరులోనే రాశాను. వసంతం దాకా డీజిలు మీదే నడుపు. అసలు నూనెకి తిప్పకు.

మెర్విన్


మచాయస్
జనవరి 15

అన్నయ్యా,

నీ ఉత్తరం చదివి ముందు కోపం వచ్చింది. అక్టోబరులో తెలిసినది జనవరిలో చెబుతావా అని. తర్వాత నా చేతి వైపు చూసుకున్నాను. స్విచ్ తిప్పిన చెయ్యి నాదే. రోజూ పొద్దున, పిల్లని లోపల కూర్చోబెట్టి, పాట పాడుకుంటూ. ఎందుకు? మేళాలో గొప్ప చెప్పుకోడానికి.

డ్వేన్‌కి చెప్పాను. షెడ్డులో నిలబడి ఉన్నాడు. "నెల పైగా నేను ఇక్కడ చలిలో పడుకున్నాను. నా బట్టల పొడి అన్నావు. నా కుక్కని పంపేశావు. తీరా కారణం నీ చేతిలో ఉన్న స్విచ్చా?" అన్నాడు. మర్నాడు ట్రక్కు తీసుకుని పోర్ట్‌లాండ్‌లో పని దొరికిందని వెళ్లిపోయాడు. తప్పు పట్టను.

నీ ఉత్తరం అందిన రోజు నుంచి ఒక్క చుక్క నూనె వాడలేదు. అచ్చంగా డీజిలే. టెస్సా ఇప్పుడు వాసన బాగాలేదంటుంది.

కానీ అన్నయ్యా, దగ్గు తగ్గలేదు. ఇంకా ఎక్కువైంది. మొన్న శుక్రవారం స్కూలు ముందు దిగి గేటు దాకా నడవలేక మంచులో కూర్చుండిపోయింది. నూనె మానేస్తే తగ్గాలి కదా? మరి నా స్విచ్ కాకపోతే ఏంటి?

సూటిగా అడుగుతున్నా. నువ్వు నాకు చెప్పాల్సింది ఇంకేమైనా ఉందా?

కోరిన్


ఐలండ్ పాండ్
జనవరి 24

కోరిన్,

ఇక్కడ మైనస్ ముప్ఫై ఒకటి. కొండ రోడ్డు మూసేశారు. మూడు రోజులుగా మంచు తోస్తున్నాను.

రోడ్డు తెరవగానే నేనే వచ్చి కారు చూస్తాను. అప్పటిదాకా ఆ కారు వాడకు. డ్వేన్ ట్రక్కు వాడు.

మెర్విన్


బాంగర్, ఆసుపత్రి
ఫిబ్రవరి 16

అన్నయ్యా,

డ్వేన్ ట్రక్కు డ్వేన్‌తో వెళ్లింది. పోయిన ఉత్తరంలో రాశాను. నువ్వు చదవలేదా, చదివి మర్చిపోయావా తెలియదు.

పదమూడో తారీకు మధ్యాహ్నం టెస్సా పెదాలు నీలంగా మారాయి. అంబులెన్స్ ఎక్కడో ప్రమాదం మీద ఉంది, రెండు గంటలు పడుతుందన్నారు. నేను ఆగలేకపోయాను. కారులో వేసుకుని బాంగర్ బయలుదేరాను. ఎనభై అయిదు మైళ్లు, ఎదురుగా మంచు.

తన చోటే కావాలంది. బుల్లి సీటు మడిచి, ఆ నేల మీదే దుప్పట్లు పరిచి, దిండ్లకి ఆనించాను. చెరీఫీల్డ్ దాటాక "అమ్మా, కిటికీ దించు" అంది. చలిగాలికి గుండె పట్టేస్తుందని దించలేదు. హీటరు పెంచాను. మళ్లీ అడిగింది. "కొంచెం ఓర్చుకో బంగారం" అన్నాను. ఎల్స్‌వర్త్ దగ్గర అడగడం మానేసింది. నిద్రపోయిందనుకున్నాను. నాకు తేలికపడ్డట్టు అనిపించింది అన్నయ్యా. నిద్రపోయిందిలే అని.

ఆసుపత్రి తలుపు ముందు వాళ్లు కారు వెనక తలుపు ఎత్తారు. ఒక నర్సు వెనక్కి అడుగేసి, "ఈ కారులో ఏంటి ఇంత పొగ?" అంది.

గొంతులో గొట్టం వేశారు. మూడు రోజులైంది. కళ్లు తెరవలేదు. డ్వేన్ వచ్చాడు. నాకు ఎదురుగా కూర్చున్నాడు, మంచానికి అటువైపు.

మీ ఊరి దుకాణానికి ఫోన్ చేసి నీకు చెప్పమన్నాను. చెప్పారా?

కోరిన్


ఐలండ్ పాండ్
ఫిబ్రవరి 21

కోరిన్,

చెప్పారు. ఉత్తరం కూడా అందింది. నా పుస్తకంలో ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను.

ఆగస్టు 28. అదనపు చక్రం ఉండే గూట్లో నూనె టాంకు బిగించాను. గొట్టాలు లోపలికి రావడానికి నేలలో రెండంగుళాల రంధ్రం చేశాను. వెనక సీటు పక్కనే, పలక కింద. రంధ్రం చుట్టూ పెట్టే రబ్బరు వలయం లేదు. తెప్పించాలి. అప్పటికి గుడ్డ కుక్కాను. "తాత్కాలికం" అని రాసి ఉంది.

ఆగస్టు 30. మేళా. వాసన చూడండి అని జనాన్ని పిలిచే వంతు నాది. పెద్దవాళ్లెవరూ ముందుకు రాలేదు. టెస్సాని ఎత్తి పొగగొట్టం దగ్గర పట్టుకున్నాను. "డోనట్" అని అరిచింది. అందరూ చప్పట్లు కొట్టారు.

సెప్టెంబరు 19. రబ్బరు వలయం టపాలో వచ్చింది. బల్ల పైన అరలో పెట్టాను. రెండు రోజుల తర్వాత నీకు ఉత్తరం రాశాను. అందులోనే పెట్టి పంపొచ్చు. గుడ్డ కుక్కి కారు ఇచ్చాడని నువ్వు అనుకుంటావని పంపలేదు. థాంక్స్‌గివింగ్‌కి వచ్చినప్పుడు నీకు తెలియకుండా పెట్టేద్దామనుకున్నాను. పిల్లకి బాగాలేదని నువ్వు రాలేదు.

నవంబరు 20. నీ ఉత్తరం వచ్చింది. ఆ రోజు పంక్తి ఒక్క మాట: "గుడ్డ."

ఆ రోజే నాకు తెలుసు. నడుస్తున్న కారు వెనక గాలి తిరగబడి పొగని లోపలికి లాగుతుంది. నూనె అయినా డీజిలైనా ఒకటే. ఆగి ఉన్న కారు చుట్టూ మంచు గోడ ఉంటే ఇంకా ఎక్కువ. దుకాణంలో ఫోన్ ఉంది. పది మైళ్లు. వెళ్లలేదు. మధ్య సీటు అని రాశాను, కిటికీ అని రాశాను, స్విచ్ అని రాశాను. స్విచ్ గురించి రాసింది నిజమే. నువ్వు దాని దగ్గరే ఆగిపోతావని రాశాను. నువ్వు ఆగిపోయావు. నిందంతా నెత్తిన వేసుకున్నావు. నేను చూస్తూ ఊరుకున్నాను. డ్వేన్ వెళ్లిపోయాడని రాస్తే కూడా ఊరుకున్నాను.

సూటిగా అడిగావు. మంచు గురించి రాశాను.

నీ చెయ్యి కాదు. నాది.

మెర్విన్


బాంగర్
మార్చి 2

మెర్విన్,

నీ ఉత్తరం ఫిబ్రవరి 26న వచ్చింది.

నర్సు అన్న మాట డ్వేన్‌ని నిద్రపోనివ్వలేదు. పద్దెనిమిదో తారీకు ఆసుపత్రి కారుషెడ్డులో వెనక సీటూ, పలకా ఊడదీశాడు. రంధ్రంలోంచి కింద నేల కనిపిస్తోంది. గుడ్డ నూనెకి మెత్తబడి జారిపోయి గొట్టం మీద వేలాడుతోంది. పైకి తెచ్చి నా ఒళ్లో పెట్టాడు. ఆకుపచ్చ గళ్ల ఫ్లానెల్. నాన్న చొక్కా చెయ్యి. మడత దగ్గర అమ్మ కుట్టిన కుట్టు ఉంది. ఎవరు కుక్కారో అడగక్కర్లేకపోయింది.

నేను నీకు ఫోన్ చెయ్యలేదు. రాయలేదు. నువ్వు రాస్తావో లేదో చూద్దామని ఎనిమిది రోజులు ఆగాను. ఆ ఎనిమిది రోజులూ, చెబుతాడులే అని డ్వేన్‌తో వాదించాను. చెప్పావు. చాలా బాగా రాశావు, తారీకులతో సహా.

టెస్సా ఇరవై మూడున కళ్లు తెరిచింది. గొట్టం తీసేశారు. ఊపిరితిత్తులు సగమే పనిచేస్తున్నాయని, మిగతాది తిరిగి వస్తుందో లేదో చెప్పలేమని డాక్టరు అన్నాడు. మంచం నుంచి తలుపు దాకా నడుస్తుంది. మధ్యలో కుర్చీ వేశాం. నిన్న ఎవరో డోనట్ల పెట్టె తెస్తే వాసనకి వాంతి చేసుకుంది.

"మామయ్య ఎందుకు రాలేదు?" అని అడిగింది. ఉన్నది చెప్పాను. మన ఇంట్లో ఎవరో ఒకరు చెప్పాలిగా.

పదిహేడున ఇంటికి వెళ్తాం. కారు డ్వేన్ లాగించి మా ఇంటి ముందు పెట్టిస్తాడు. వచ్చి తీసుకెళ్లు. తలుపు తట్టకు.

గుడ్డ ఇందులో పెడుతున్నాను. నీదే.

కోరిన్


ఐలండ్ పాండ్
మార్చి 29

కోరిన్,

ఇరవై నాలుగున వచ్చి కారు తీసుకెళ్లాను. ట్రక్కు మీద ఎక్కించి తెచ్చాను. నువ్వు చూసే ఉంటావు. డ్వేన్ వసారాలో నిలబడ్డాడు, రస్టీ అతని పక్కన ఉంది. ఇద్దరూ కిందికి రాలేదు. తలుపు తట్టలేదు.

ఇంజను పీకేశాను. మిగతాది తుక్కుకి పంపాను.

నేను మార్చిన కార్లు నీది కాక పదహారు. పదహారుమందికీ రాశాను, నేల రంధ్రాలు చూసుకోమని, లోరెల్ కొలిచినవి ఇవీ అని. నలుగురు జవాబిచ్చారు. ముగ్గురు కార్లు తెచ్చారు, రెండింటిలో రబ్బరు ఉంది, ఒకదానిలో గుడ్డే ఉంది. ఆ కారు వెనక పిల్లల సీటు లేదు. నాలుగోవాడు "ఊరుకో మెర్వ్, మా ఆవిడ వంట కంటే దీని వాసనే నయం" అని రాశాడు. మిగతావాళ్ల ఇళ్లకి నేనే వెళ్తున్నాను. ఇప్పటికి అయిదు అయ్యాయి.

జవాబు కోసం రాయడం లేదు. ఆ రోజు నువ్వు వెనక గదిలో ఉన్నావేమో, ఒకటి చూసి ఉండవు. అది నీ దగ్గర దాచలేను.

ట్రక్కు గొలుసులు బిగిస్తుంటే టెస్సా ముందు గది కిటికీ దగ్గరికి వచ్చింది. నన్ను చూసింది. చెయ్యి ఊపలేదు. అద్దానికి నోరు దగ్గరగా పెట్టి ఊదింది. మసక పట్టలేదు. మళ్లీ ఊదింది. మూడోసారికి పట్టింది, పావు డాలరు బిళ్లంత. వేలు ఎత్తింది. వేలు అద్దాన్ని తాకేలోపే మసక పోయింది.

నాలుగోసారి ఊదలేదు. కుర్చీలో కూర్చుంది.

ఏం రాయబోయిందో నాకు తెలియదు. నా పుస్తకంలో ఆ రోజు పంక్తి ఖాళీగా వదిలేశాను.

మెర్విన్